గూడ్స్ షెడ్‌లో మిరప ఘాటు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా మొదలుపెడితే "ఇక చాల్లెండి" అని లేచి వెళ్లిపోయే రకాన్ని. ఇది దయ్యం పనే అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

గుంటూరులో రైలెక్కితే కాసేపటికే మా స్టేషన్ వస్తుంది. తెల్లదొరల కాలంనాటి రాతి కట్టడం. అక్కడ దిగే టూరిస్టులకు కొండవీడు కోట చూపించి, సాయంత్రం మళ్లీ రైలెక్కించడం నా పని. ఈమధ్య స్టేషన్ పక్కనున్న పాత గూడ్స్ షెడ్‌ను బాగుచేసి, టూరిస్టులు కూర్చునే హాలుగా మార్చారు. ఒకప్పుడు అందులో మిరప బస్తాలు ఉంచేవారట. నేను పుట్టకముందే ఆ సరుకంతా లారీలకు మళ్లింది. ఇప్పుడు కింద టైల్స్, గోడలకు కొత్త సున్నం.

ఒక ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి వచ్చిన రెండు కుటుంబాలను ఆ హాల్లో కూర్చోబెట్టాను. బడి లేదని మా ఏడేళ్ల పాప హాసినిని కూడా వెంట తెచ్చుకున్నాను. అది మూల బెంచీ మీద బొమ్మలు వేసుకుంటోంది.

కోట గురించి చెప్పడం మొదలుపెట్టానో లేదో, గుప్పున ఘాటు. ఎండుమిరపకాయలు బస్తాల్లోకి తొక్కేటప్పుడు గొంతు పట్టేసే ఘాటు. అందరికీ ఒకటే దగ్గులు, తుమ్ములు. మా ఆటో డ్రైవర్ కోటేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ, "ఎవరో దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో ఏసినట్టున్నారు మేడమ్, బయటికి పదండి!" అని అరిచాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. హాసినికి ఉబ్బసం. ఇంట్లో తాలింపు ఘాటుకే దానికి ఊపిరాడదు. దాన్ని చంకనేసుకుని బయటికి పరుగెత్తాను. మిగతావాళ్లూ నా వెనకే వచ్చేశారు.

ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టి ఇన్‌హేలర్ తీశాను. అవసరం రాలేదు. హాసిని ఒక్కసారి కూడా దగ్గలేదు. "అందరూ ఎందుకేడుస్తున్నారమ్మా?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. అక్కడ నిప్పులుండేది ప్లాట్‌ఫాం మీది టీ కొట్టులోనే కదా అని, తిన్నగా ఆ కొట్టు నాగమణి మీదికి వెళ్లాను. "నేనింకా పొయ్యే ఎలిగించలా, నన్నంటావేందమ్మా!" అని ఆమె ఎదురు తిరిగింది. చూస్తే పొయ్యి చల్లగానే ఉంది. అంతలో వెనక ఢామ్మని చప్పుడు. షెడ్ కప్పు దూలం విరిగి, పెంకులతో సహా మూల బెంచీ మీద పడింది.

హాసిని రంగు పెన్సిళ్లు ఇంకా దాని కిందే ఉన్నాయి.

దూలం లోపల చెద తినేసిందని తర్వాత తేలింది. అంతవరకు బాగానే ఉంది. ఘాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ కోటేశ్వరరావూ చుట్టుపక్కలంతా వెతికాం. బూడిద లేదు, ఒక్క మిరప తొడిమైనా దొరకలేదు.

మా ఆయన, "పాత గోడలు కదా, ఎండకు ఘాటు వదిలుంటాయి" అంటారు. అయ్యుండొచ్చు. మరి ఆ ఘాటు నా బిడ్డనొక్కదాన్నీ ఎందుకు వదిలేసిందండీ అంటాను.

ఒక్కోసారి హాసిని పడుకుని నిద్రపోతుంటే పక్కన కూర్చుని దాని ఊపిరి వింటూ ఉంటాను. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎవరికి పెట్టాలో తెలియదు.