లాంచీని ముంచినవాళ్ళం

మా రాజమండ్రి లాంచీ సంఘాన్ని ఎవరైనా వేళాకోళం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ హక్కు నా ఒక్కదానిదే. రిటైరైన లెక్కల టీచర్ని, సంఘంలో ఉన్న ఏకైక ఆడదాన్ని, ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి నడుమ లంకలో ఉన్న బడికి రోజూ మేం బాగుచేసిన ఆ చెక్క లాంచీ మీదే వెళ్ళినదాన్ని.

లాంచీలు ఆగిపోయాక అది రేవు పక్కన తుప్పల్లో పడి ఉండేది. పేపరుమిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒకాయన దాన్నలా చూసి తట్టుకోలేకపోయారు. మరో ఆరుగురిని పోగేశారు, నన్నూ లాక్కొచ్చారు. పుచ్చిన చెక్కలు మార్చారు, ఇంజను ముక్కముక్కా విప్పి బిగించారు, వాన చినుకు పడకుండా రేకుల షెడ్డు వేశారు. నేను తడిగుడ్డతో తుడవబోతే, "చెక్క పాడైపోద్దండీ!" అని కసిరేవారు. రెండేళ్ళు బిడ్డని సాకినట్టు సాకారు. అంత ఓపిక నేను నా క్లాసులో కూడా చూపించలేదు, నిజం చెప్పాలంటే.

చివరికి సోమవారం తనిఖీ అన్నారు అధికారులు. నీళ్ళ మీద నిలబడితే జనాన్ని ఎక్కించుకోవచ్చు. లేకపోతే తీసుకెళ్ళి పార్కులో బొమ్మలా నిలబెట్టేస్తారు. ఫిట్టరు గారికి ఆ మాట వింటేనే అన్నం సయించేది కాదు.

గురువారం పొద్దున్నే వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు, నేను ప్రార్థన చేశాను, లాంచీని నీళ్ళలోకి తోశాం. ఓరి దేవుడా! ఐదు నిమిషాల్లో ప్రతి సందులోంచీ నీళ్ళు! తాళ్ళు కట్టి ఒడ్డుకి లాగాం. ఫిట్టరు గారు మెట్ల మీద కూలబడిపోయి, "ఎక్కడ తప్పు చేశానండీ?" అని అందరినీ అడుగుతున్నారు.

ఒకప్పుడు ఆ లాంచీ నడిపిన సరంగుని ఆ రోజు అతిథిగా పిలిచాం. ఎనభై దాటిన మనిషి. వంగి లోపలికి చూసి మా మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటండీ ఈ పని! రెండేళ్ళు చుక్క నీరు తగలకుండా ఎండబెట్టేశారా? చెక్కలు ఎండి సందులిచ్చేశాయి. ముంచెయ్యండి!"

ముసలాయనకి మతి పోయిందనుకున్నాను. "ముంచడమేంటి తాతగారూ?"

"ఎండిన పడవని ఒడ్డునే మూడ్రోజులు ముంచి ఉంచేవాళ్ళం టీచరమ్మా. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుద్ది. సందులు వాటికవే మూసుకుంటాయి."

కాపాడిందే తప్పయిందన్నమాట! నేనైతే ఆ మాటకి వారం రోజులు అలిగి కూర్చునేదాన్ని. ఫిట్టరు గారు మాత్రం లేచి, మధ్యాహ్నానికల్లా ఇంజను విప్పి ఒడ్డుకి చేర్పించారు. తన చేత్తో వార్నీషు పూసిన లాంచీలోకి మొదటి బకెట్టు నీళ్ళు తనే పోశారు. స్నానాలకి వచ్చినవాళ్ళు నవ్వారు. ఆయన తల తిప్పలేదు. ఆ మనిషిని చూసి నాకు దండం పెట్టాలనిపించింది.

సాయంత్రానికి పైకప్పు మాత్రమే పైకి కనబడింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారి వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. మధ్యాహ్నం నీళ్ళు తోడేశాం, ఇంజను బిగించాం.

సోమవారం సరంగు చుక్కాని పట్టుకున్నాడు. అధికారి ఎక్కారు. లాంచీ గోదావరి నడిమికి వచ్చింది. అందరం నదిని చూస్తుంటే ఫిట్టరు గారు మాత్రం అడుగుచెక్క ఎత్తి, బోర్లా పడుకుని, చేత్తో సందులు తడుముతున్నారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమారు.

"ఏవండీ, చెమ్మ ఉందా?" నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా అడిగాడు సరంగు.

ఫిట్టరు గారు లేచి, అరచెయ్యి సరంగు కళ్ళ ముందు పెట్టారు. ఆ పొడి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు.