నలభై దాటని కారు

ఊళ్లో నాకు మంచి పేరుంది. నా కారెక్కితే చేతిలో నిండు గ్లాసున్నా చుక్క తొణకదంటారు. నిండు చూలాళ్లను, ఆపరేషన్ అయినవాళ్లను ఏరికోరి నాకే అప్పగిస్తారు. ఆ పొగడ్తలకు తల వంచుకుని నవ్వడం కూడా బాగా అలవాటైంది. అసలు సంగతేమిటంటే, స్పీడు నలభై దాటితే వెనక చక్రాల మధ్య ఉన్న డిఫరెన్షియల్ ఊళపెడుతుంది.

ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసే నర్సమ్మ, నెలకింతని మాట్లాడుకుని నా కారులోనే తిరుగుతుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆవిడ పుణ్యాన. మొన్నొక కాన్పుకు మేం చేరేసరికి బిడ్డ పుట్టి ఏడుస్తోంది. అదృష్టం బాగుండి ఇద్దరూ క్షేమం.

"బాబూ, ఇంకోసారి ఇలాగైతే వేరే కారు చూసుకుంటాను," అంది తిరుగుదారిలో.

"శబ్దమమ్మా. బాగుచేయిస్తాను."

మెకానిక్ కారును జాకీతో పైకెత్తి, చక్రం తిప్పి, చెవి ఆనించి విన్నాడు.

"బేరింగులు మార్చి సర్దొచ్చన్నా. కానీ లోపలి గేరు పళ్లు అరిగాయి, శబ్దం మళ్లీ రాదని చెప్పలేను. మొత్తం సెట్టు మార్చేస్తే మాత్రం ఇక నోరెత్తదు."

"రిపేరే చెయ్యి," అన్నాను వెంటనే. రేపు కారు తెస్తానని చెప్పి, ఇంటికొచ్చి మా ఆవిడకు పాత ఇనుము గట్టితనం గురించి పెద్ద ఉపన్యాసమిచ్చాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా వింది.

"శబ్దం మళ్లీ రావచ్చన్నాడనే కదా, మీకు రిపేరు నచ్చింది?"

"అంటే?"

"మా అన్నయ్య కొత్త కారు మీరు నడిపారుగా. అదేం అరవలేదు. నలభై దాటించారా?"

నిజమే, నాకు వేగమంటే భయం. రోడ్డు నా మీదికి దూసుకొస్తుంటే అరచేతులకు చెమటలు పడతాయి. డ్రైవరై ఉండి ఆ మాట ఎవరితో చెప్పుకోను? డిఫరెన్షియల్ మొదటిసారి అరిచిన రోజున లోలోపల ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. అప్పట్నుంచీ నా పిరికితనాన్ని ఆ ఇనుపముక్కే మోస్తోంది.

పౌరుషం పొడుచుకొచ్చి మర్నాడు సెట్టే మార్పించాను.

ఆ వారంలోనే నర్సమ్మకు కబురొచ్చింది. తొలిచూలు, నొప్పులు ముదిరాయట. ఖాళీ రోడ్డు మీద కారు చప్పుడు లేకుండా సాగుతోంది. నలభై దగ్గర నా కాలు మొరాయించింది.

"శబ్దం పోయిందిగా బాబూ, ఇంకేం?" అంది ఆవిడ వెనక సీట్లోంచి.

కొత్త వంక కోసం బుర్రంతా గాలించాను. ఒక్కటీ దొరకలేదు.

"భయమమ్మా. నాకు స్పీడంటే భయం."

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పేశాక గుండెల మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది.

"పక్కన ఆపు."

ఆపాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ దిగి నా వైపు తలుపు తీసింది.

"జరుగు. నాకు లైసెన్సుంది, కారే లేదు."

ఆ తర్వాత దారి ఎలా గడిచిందో నాకు తెలియదు, కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి ఆ ఇంటి ముందున్నాం. బిడ్డ ఇంకా పుట్టలేదు. ఆవిడ సంచి పట్టుకుని పక్క సీట్లోంచి దిగాను. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. గుమ్మంలోని పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈయనెవరమ్మా?"

"మా డ్రైవరు," అంది నర్సమ్మ, నా చేతిలోంచి సంచి లాక్కుని లోపలికి పరుగెడుతూ.