ఇందుమతి సిస్టరు వేసిన మార్కు

మా ఇందుమతి సిస్టరు రాయగడలో కుర్చీ దిగకుండానే నారాయణపట్నలో ఓ బిడ్డను ఫోను తీగలోంచి ఈడ్చి బయటేసింది. తీగ మీద కాకులు పక్కకి జరిగి దారిచ్చేయి. తొమ్మిదో తరగతి నన్ను చూసి జడిసి పారిపోయిందే గానీ, నేను అబద్ధాలాడే రకం కాదు.

రెండువేల ఆరులో మా ఆసుపత్రిలో కొత్త పద్ధతి పెట్టేరు. కొండల్లో పురుడొస్తే అక్కడి మంత్రసాని ఫోను చేస్తుంది. ఇక్కణ్నించి సిస్టరు చెబుతుంది, అక్కడ ఆమె చేస్తుంది. గొంతు పెద్దదని ఫోను ఇందుమతికే అప్పజెప్పేరు.

ఆ రోజు బిడ్డ పుట్టింది. తల్లికి నెత్తురు ఆగలేదు.

"గౌరీ, ఎన్ని గుడ్డలు తడిసేయే?"

"ఒకటే దిదీ," అంది మంత్రసాని.

కాసేపాగి అడిగితే మళ్లీ "ఒకటే" అంది. ఒకటే గదా అని సిస్టరు స్థిమితపడి, బండి పంపమనలేదు. అక్కడ గౌరి మాత్రం, నెత్తుటి గుడ్డ బాలింత గదిలో ఉంచకూడదన్న ఆచారం కొద్దీ, తడిసిందాన్ని తడిసినట్టే వాగులో జాడించి, పిండి, దాన్నే మళ్లీ పెడుతోంది. పొద్దు గూకకముందే తల్లి పోయింది.

నెల తిరక్కుండా భువనేశ్వరం నుంచి ఇద్దరు ఆఫీసర్లొచ్చేరు. దూరం నుంచి సేవ చెయ్యడం నర్సులకెంత ఇష్టమో కొలుస్తారట. ఒకటి నుంచి అయిదు దాకా మార్కు పెట్టాలి. అందరికీ ఇష్టమేనని తేలితే నారాయణపట్నకి ఫోనే చాలు. లేదంటే నర్సుని వేస్తారు.

మేట్రన్ రామలక్ష్మి ముందే సిస్టరు చెవి కొరికింది. "అమ్మీ, అయిదు పెట్టెయ్. నర్సుని ఎయ్యాలంటే ముందు నిన్నే ఎస్తారు. సంటిపిల్లనెత్తుకుని ఎల్తావేటి ఆ కొండల్లోకి?"

"ఆ మనిషి సచ్చిపోయింది కదమ్మా."

"సచ్చినోళ్లు మార్కులెయ్యరే."

అప్పుడు చూడాలి మా సిస్టరుని! కాగితం మీద గుమ్మడికాయంత సున్నా చుట్టి, వచ్చినాయన మొహాన కొట్టింది. "ముందు నీ పెళ్లాం పురుడు ఫోన్లో పొయ్యరా" అంది. ఆ కేకకి జయపురంలో మిల్లులాగిపోయేయి. వచ్చినోళ్లు జీపు వదిలేసి పరుగు.

ఈ కథ నేను టీకొట్టు దగ్గర పదిమందికి చెబుతుంటే, డ్యూటీ దిగి ఆవిడే అటొచ్చింది. చంకలో పిల్ల. మొత్తం విని, పాలపేకట్టు అందుకుని అంది:

"నేనేటీ కొట్టలేదు. అయిదు పెట్టేను. నారాయణపట్నకి ఎవరినీ వెయ్యలేదు."