పాటావిడ ఎక్కడ కూర్చుంటుంది?

మా బావ ఇంట్లో ఖాళీ కుర్చీలో కూర్చోవాలంటే ముందు ఆయన్ని అడగాలి. అందులో ఎవరూ లేరని మనకనిపిస్తుంది. బావ లెక్కలో అక్కడ వయొలిన్ ఆయన ఉంటాడు.

రికార్డు తిరుగుతున్నంతసేపూ పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ ఆ గదిలోనే, ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని ఉంటారని బావ నమ్మకం. ఆయన సర్వేయరు. పగలంతా ఉన్నవాళ్ళ స్థలాలు కొలిచి, సాయంత్రం ఇంటికొచ్చి లేనివాళ్ళ స్థలాలు కొలుస్తాడు.

"కాలు తియ్యి," అంటాడు నాతో.

"ఏం బావా?"

"డ్రమ్ముల ఆయన మీద పెట్టావు."

తీస్తాను. తీశాక, ఎందుకు తీశానా అని ఆలోచిస్తాను. ఓసారి పార్సిల్ తెచ్చినతను గది మధ్యలోంచి నడిచొస్తే, బావ అతన్ని గుమ్మం దాకా వెనక్కి పంపి, గోడవారగా మళ్ళీ రమ్మన్నాడు. పాపం, అతను ఎవరికో తగిలినట్టు "సారీ అండీ" అంటూ వచ్చాడు.

మా అక్క ఈ జనాన్ని లెక్కచెయ్యదు. అదే గదిలో, ఎడమవైపు కిటికీ కింద కుట్టుమిషను వేసుకుని వీధిలోవాళ్ళందరికీ బట్టలు కుడుతుంది. ఇంట్లో వెలుతురు బాగా ఉండేది అక్కడొక్కచోటే. స్పీకర్లు రెండు. ఎడమది అక్క మోచేతికి తగిలేంత దగ్గర. కుడిది ఆ చివర, గుమ్మం పక్కన. బావ కుర్చీ రెండింటికీ నట్టనడుమ, టేపు పెట్టి కొలిచి వేసినది.

"ఇక్కడ కూర్చో, అందరూ కనబడతారు," అంటాడు అక్కతో.

"నేనక్కడ కూర్చుంటే ఈ జాకెట్లు ఎవరు కుడతారు, మీ వయొలిన్ ఆయనా?" అంది అక్క ఒకరోజు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను, వాళ్ళొచ్చారు, వీళ్ళొచ్చారని. నాకు ఒక్కళ్ళూ కనబడలేదు. అందరూ కలిసి ఈ డబ్బాలో ఇరుక్కుని అరుస్తున్నట్టుంటుంది."

అక్క నవ్వుతూనే అంది. బావ నవ్వలేదు. ఆ సాయంత్రం మేడమీద నిలబడి మబ్బులు చూస్తూ నాతో అన్నాడు: "ఇన్నేళ్ళూ అంతమందిని ఇంటికి పిలిచాను. ఇంటావిడకి ఒక్కర్నీ పరిచయం చెయ్యలేదన్నమాట."

ఆ వారమే ఆయన కార్ట్రిడ్జ్ అరిగిపోయింది. రికార్డు మీది సన్నటి గాడుల్లో నడిచే ముల్లు, ఆ ముల్లుని పట్టుకున్న చిన్న డబ్బీ కలిపి కార్ట్రిడ్జ్. బావ వాడేది మూవింగ్ కాయిల్ రకం. లోపల ఎడమ స్పీకరుకొకటి, కుడిదానికొకటి, వెంట్రుకకన్నా సన్నటి తీగచుట్టలు ముల్లుతోపాటు ఊగుతాయి. ఆ ఊగడంలోంచే పాట పుడుతుంది. బావ టర్న్‌టేబుల్ ఏమో డైరెక్ట్ డ్రైవ్. పళ్ళేన్ని కింద మోటారే నేరుగా తిప్పుతుంది.

"మధ్యలో బెల్టు ఉండదు," అన్నాడు బావ గర్వంగా. "బెల్టు ఉంటే ఈడ్చుకెళ్ళినట్టుంటుంది."

"నా మిషనుకి బెల్టే ఉంది," అంది అక్క. "మీ చొక్కాలు ఈడ్చుకెళ్ళినట్టున్నాయా?"

ఈ సామాన్లమ్మే కొట్టాయన పాత పరిచయం. మూడు కార్ట్రిడ్జులు ఇచ్చి, విని చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. బావ ఫ్యాను ఆపి, ఊపిరి బిగపట్టి, చీమకాళ్ళంత తీగల్ని పట్టకారుతో తగిలిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను.

మొదటిదానితో వయొలిన్ ఆయన బీరువాలోకి వెళ్ళిపోయాడు.

"తలుపు తెరువు," అన్నాడు బావ. తెరిచాను. "ఇప్పుడు కాస్త నయం. అయినా దుప్పట్ల మధ్య ఎన్నాళ్ళని ఉంటాడు?"

రెండోది పెట్టగానే పాటావిడ గది నడుమ చక్కగా కూర్చుంది. పియానో మాత్రం ఫ్రిజ్ మీదికెక్కింది.

"అంత బరువు ఆగుతుందా?" అంది అక్క, దారం కొరుకుతూ. "పాలు తీసి బయట పెట్టనా?"

"పియానోదేముంది, ఇదే తీసుకో బావా," అన్నాను.

మూడోదానితో పాటావిడ నడుమనుంచి లేచింది. కుడివైపు జరిగి జరిగి, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు దగ్గర నిలబడింది. నాలాంటివాడికి కూడా తెలిసిపోయింది.

"ఇంటికొచ్చినావిడని చెప్పుల దగ్గర నిలబెట్టావు," అన్నాను.

రికార్డు తిరుగుతుండగా ఎప్పుడూ కుర్చీ వదలని బావ లేచి, గోడవారగా కిటికీ దగ్గరికెళ్ళి, అక్క వెనకాల కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"వెలుతురుకి అడ్డం," అంది అక్క.

పాట అయ్యేదాకా ఆయన కదల్లేదు.

మర్నాడు కొట్టాయన కంగారుగా వచ్చాడు. "ఆ మూడోది పొరపాటున ఇచ్చానండీ. దాన్లో ఎడమవైపు తీగచుట్ట బలహీనం, ఆ పక్క స్పీకరు మెల్లగా పలుకుతుంది. కంపెనీకి తిప్పి పంపాలి."

"పంపకండి. అదే ఉంచుకుంటున్నాను."

"లోపం ఉందంటున్నానండీ."

"విన్నాను. ఆ లోపమే కావాలి."

కొట్టాయన నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. రెండ్రోజుల్లో రికార్డుల పిచ్చివాళ్ళందరికీ కబురు పాకింది. సర్వేయరుగారి చెవులు పోయాయట పాపం, అని నలుగురూ పరామర్శకి వచ్చారు. బావ అందరికీ టీ ఇచ్చి, వయొలిన్ ఆయన్ని తొక్కకుండా సాగనంపాడు.

"పోనీ, ఆంప్లిఫయరుకి గుండీ ఉంటుందిగా, కుడి ఎడమలు సర్దడానికి?" అన్నాను నేను.

"మెడ పట్టుకుని జరపడానికి ఆవిడేమైనా బీరువానా? తనంతట తాను వచ్చి కూర్చోవాలి."

"ఎక్కడ?"

బావ మాట మార్చాడు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. వీధి వీధంతా కునుకు తీస్తోంది. కిటికీ తెర ఊపిరి పీల్చి వదులుతున్నట్టు మెల్లగా కదులుతోంది. ఎండలో దారప్పోగులు తేలుతున్నాయి. అక్క లోపలికి దారాలకెళ్ళింది. మిగిలిన కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, అంటే ఖాళీగా ఉన్నాయి. అందుకని మిషను ముందున్న అక్క స్టూలు మీద కూర్చున్నాను.

పాట మొదలైంది. పాటావిడ సరిగ్గా నా ఎదురుగా కూర్చుని ఉంది. మిషనుకి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. మోచేతి పక్క స్పీకరు గొంతు తగ్గి, గుమ్మం దగ్గరి దానితో సమానమై, నోరు మూసుకున్నట్టయిపోయింది. ఆవిడ ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. కాసేపు నేనెక్కడున్నానో మర్చిపోయాను.

తేరుకుని బావ వైపు చూశాను. టేపు పెట్టి కొలిచిన తన కుర్చీలో, గుమ్మం వైపు మెడ తిప్పుకుని వింటున్నాడు.

"బావా, నీకు ఆవిడ ఎక్కడుంది?"

"చెప్పుల దగ్గరే."

"మరి?"

"నేను చాలా ఏళ్ళు చూశాన్లే," అన్నాడు మెల్లగా.

ఇంతలో అక్క వచ్చి, "లే, పనుంది," అని నన్ను లేపి కూర్చుంది. మిషను టకటకమని సాగింది. బావ లేచి అదే పాట మళ్ళీ మొదటినుంచి పెట్టి వచ్చాడు. కాసేపటికి మిషను ఆగింది. సూది బట్టలోనే ఉంది. అక్క తలెత్తి ఎదురుగా చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఏమండీ."

బావ కళ్ళు తెరవలేదు. కుర్చీ చేతుల్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"ఈవిడ జాకెట్టు ఎవరు కుట్టారో గానీ, చంక దగ్గర పట్టేసింది. అందుకే పైకి పాడినప్పుడల్లా చెయ్యి ఎత్తలేక గొంతు బిగబడుతోంది."

బావ నిటారుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఆవిడ ఎక్కడ కూర్చుందో అంగుళాలతో చెప్పిన మనిషికి, ఆవిడ ఏం తొడుక్కుందో ఇప్పటిదాకా తెలీదు.

"విప్పి కుట్టొచ్చంటావా?" అని అడిగాడు, గొంతు తగ్గించి, ఆవిడ వింటుందేమోనన్నట్టు.

"అరంగుళం వదిలితే చాలు," అంది అక్క, చూపు తిప్పకుండానే. "ముందు ఆ పాట అవనివ్వండి."