అంకుల్ రైఫిల్‌కి పాత డైలు

తొమ్మిదో తరగతిలోనే బడికి టాటా చెప్పాను. బడి కూడా పెద్దగా ఏడవలేదు. తర్వాత నేర్చుకున్న వెల్డింగే నన్ను న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దాకా తెచ్చింది. ఇక్కడ మళ్ళీ ఒక మాస్టారు తగులుకున్నాడు: పక్కింటి కివీ, అంటే ఈ దేశపు ముసలాయన. అంకుల్ అని పిలుస్తాను. మొదట్లో "నేను మీ నాన్న తమ్ముణ్ణా?" అని అడిగేవాడు. ఇప్పుడు అంకుల్ అనకపోతే పలకడు.

ఆయన పోరు పడలేకే నేనూ తుపాకీ లైసెన్సు తీసుకున్నాను. ఆయన దగ్గర వాళ్ళ నాన్న జింకల వేటకి వాడిన రైఫిల్ ఉంది. దాని తూటాలు షాపుల్లోంచి మాయమై చాలా కాలమైంది. పేలిన ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ అసలు కొలతకు నొక్కి, మందు పోసి, కొత్త గుండు కూర్చోబెట్టుకోవాలి. అందుకు వాడే ఉక్కు అచ్చులే డైలు. గరాజు కప్పు కారి ఆయన డైలు లోపలంతా తుప్పు పట్టాయి. ఆదివారం క్లబ్బులో పాత రైఫిళ్ళ పోటీ. అంకుల్ ఏటా వెళ్తాడు. ఈసారి కొత్త మోకాలు వేయించుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. శనివారం క్లబ్బులో పాత సామాన్ల అమ్మకం ఉంటే నన్ను పంపాడు. మా ఆవిడ కూడా బయల్దేరింది.

"పెట్టె మీది మాట నమ్మకు. డై మీద చెక్కిన నంబరు చూడు. లోపల టార్చి కొట్టి తుప్పు, గీతలు ఉన్నాయేమో చూడు" అని చెప్పి, పేలిన గొట్టం ఒకటి ఆనవాలుగా ఇచ్చాడు. అన్నిటికీ సరేనన్నాను. బళ్ళోనూ అలాగే అనేవాణ్ణి.

అమ్మే ఆయన అంత చలిలో నిక్కరుతో, చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. మాకు కావలసిన తూటా పేరున్న పెట్టె కనబడగానే నంబరూ టార్చీ మర్చిపోయి బేరానికి దిగాను. తగ్గలేదు. మనకు తెలిసిన విద్యే కదా అని "అయితే వద్దులే" అంటూ వెనక్కి తిరిగాను.

మన సంతలో అయితే నాలుగడుగులు వేసేలోపు పిలుస్తారు. "సరే మేట్, వెళ్ళిరా" అన్నాడాయన. తిరిగి చూసేసరికి పెట్టె ఇంకో పెద్దమనిషి చేతిలో ఉంది.

మా ఆవిడ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది. "ఇంకా నడవండి, ఇంటికెళ్ళిపోదాం."

"నవ్వకే! అంకుల్‌కి ఏం చెప్పను?"

ఆ పెద్దమనిషి పెట్టెలోని డైలు రెండూ తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ మెడ చాచి చూసింది. "ఏవండీ, ఆ రెండూ ఒక జత కాదు. మన క్యారియర్ల మూతలు తారుమారైతే ఇలాగే ఉంటాయి. ఒకదాని మీది గరుకు గీతలు సన్నం, ఒకదానివి లావు."

వంగి చూశాను. రెంటి మీదా నంబర్లు వేరు. ఒకటే మాది. నోరు మూసుకుంటే ఆయన తప్పు జత కొనుక్కుపోతాడు, మాకు కావలసిన డై కూడా దాంతోపాటే పోతుంది. ఒక్క మాటతో పుణ్యమూ స్వార్థమూ రెండూ కలిసొచ్చే రోజులు నాకు తక్కువ. వెంటనే చెప్పేశాను. ఆయన నంబర్లు చూసి, నాకు దణ్ణం పెట్టినంత పనిచేసి, పెట్టె కింద పెట్టేశాడు.

"మా అన్నదీ నాదీ ఒకే బల్ల. కలిసిపోయుంటాయి" అని అమ్మే ఆయన ఇంకో పెట్టె తెరిచాడు. మాకు కావలసిన రెండో డై దర్జాగా అందులో కూర్చుని ఉంది. ఈసారి టార్చి కొట్టాను. లోపల అద్దంలా ఉంది. అంకుల్ ఇచ్చిన గొట్టాన్ని అందులోకి అరచేత్తో బలంగా తోయబోతే అమ్మే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నూనె రాయకుండా తోస్తే ఇరుక్కుంటుంది మేట్. తర్వాత రెండూ నువ్వే కొనాలి."

చెప్పిన ధరకే కొన్నాను. బేరం అన్న మాటే ఎత్తలేదు.

సాయంత్రం అంకుల్ డైలను చేత్తో తిప్పి చూసి, "బాగా చూశావు" అన్నాడు. నేను సమాధానం చెప్పేలోపే మా ఆవిడ "థాంక్యూ అంకుల్" అంది. ఆయన కాలు చాపుకుని ఒక్కో కొలతా చెబుతుంటే తూటాలు తయారు చేశాను.

ఆదివారం ఆయన్ని కుర్చీతో సహా మోసుకెళ్ళినంత పనైంది. బల్ల మీద ఇసక సంచి, సంచి మీద రైఫిల్, దాని వెనక అంకుల్ తెల్ల కనుబొమలు. ఢామ్మంది. దూరంగా ఇనప పలక ఠంగుమంది. ఆయన వెనక్కి తిరిగి, ఇంట్లో దీపావళి చేసుకుంటున్న పిల్లాడిలా నవ్వాడు.

"ఇప్పుడు నువ్వు" అని కుర్చీ జరుపుకున్నాడు. నా గుండు పలకకు బాగా కింద మట్టిగట్టులో దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా అంకులే.