ఆటో బంద్ చేసిన మా అన్న

మా అన్నకు తెలియని మోటరు ఈ భూమ్మీద లేదు. ఆ సంగతి ఆయనే చెబుతాడు కాబట్టి నమ్మక తప్పదు. బాన్సువాడ మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణం, నస్రుల్లాబాద్ దగ్గర కాలువ కింద వరి, మెరక పొలానికి బోర్లు, ఇదీ ఆయన రాజ్యం. ఎక్కడ మోటరు మొరాయించినా చుట్టుపక్కల రైతులు ముందు మా అన్నను పిలుస్తారు. తర్వాత మెకానిక్‌ను పిలుస్తారు. ఆ మెకానిక్ వచ్చి ముందుగా మా అన్న బిగించిందంతా విప్పుతాడు.

నేను అదే ఊళ్లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ పోయి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. అక్కడ నేర్చుకున్నవాళ్లకు ఒక లాభముంది. ఆ నీళ్ల వాసన ఒక్కసారి తగిలితే చాలు, ప్రాణం పోయినా పడవలోంచి పడకూడదన్న పట్టుదల వస్తుంది. ఆ తర్వాత సముద్రం మీద పెద్ద పడవ నడిపే పరీక్ష కూడా పాసయ్యాను. సర్టిఫికెట్ చూసి మా వదినె, "కుట్టుమిషిన్ నేర్చుకున్నా అక్కరకొస్తుండె" అని మెచ్చుకుంది.

నా పిచ్చి పోయి పోయి నా మేనకోడలికి అంటింది. ఇంటర్ కాగానే ఓడల చదువు చదువుతానని, ఓడ మీద ఆఫీసరు అవుతానని మొండికేసింది. మా అన్న ఇంతెత్తున ఎగిరాడు.

"ఆడపిల్ల నీళ్లల్ల ఏం జేస్తదే? నర్సింగు చేయమను. దవాఖానల గూడ నీళ్లుంటయి."

పిల్ల ఏడ్చింది, అలిగింది, తండ్రి తినే వేళకు తినడం మానేసింది. ఇక చూడలేక నేను మధ్యలో దూరాను. థాయ్‌లాండ్‌లో సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు తెరచాప పడవ కిరాయికి ఇస్తారు, డ్రైవరు కూడా ఉండడు, మనమే నడుపుకోవచ్చు, కాలేజీ సెలవుల్లో పోదాం, నీ కళ్లతో నువ్వే చూడు అన్నాను. ఆయన చాలాసేపు మీసం దువ్వి షరతు పెట్టాడు.

"సరే చెల్లె. నువ్వు నడుపు, పిల్ల సాయం జేస్తది. పడవ మునగకుండ ఇంటికొస్తే అప్పుడు పంపుడు సంగతి మాట్లాడుదం. ఏమన్న అయ్యిందనుకో, మళ్ల గీ ఇంట్ల సముద్రం పేరెత్తద్దు."

అంటే ఆ పిల్ల బతుకంతా నా చేతిలోని చుక్కాని మీద పెట్టాడన్నమాట. నాకు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

పడవ ఇచ్చినతను మంచివాడు. తాళంచెవి ఇచ్చే ముందు ఒక పూటంతా కూర్చోబెట్టి అన్నీ చూపించాడు. బ్యాటరీలు ఇవి, ఇంజను నడిస్తేనే నిండుతాయి. మంచినీళ్ల ట్యాంకు ఇది, కొళాయి తిప్పగానే చిన్న మోటరు నడుస్తుంది, కట్టగానే ఆగుతుంది. పడవ అడుగున ఈ గుంత ఉంది కదా, ఎక్కడ కారిన నీళ్లయినా చివరికి ఇందులోకే వస్తాయి. అవి ఒక మట్టం దాటితే ఇంకో మోటరు తనంతట తానే నడిచి బయటికి తోడేస్తుంది, దాని స్విచ్చి ఎప్పుడూ ఆటోలోనే ఉండాలి. నేను తెలుగులో చెబుతుంటే మా అన్న ప్రతి ముక్కకూ "తెల్సు, తెల్సు" అన్నాడు. తెలుసన్నవాడికి చెప్పగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు కాబట్టి నేనూ ఊరుకున్నాను.

వదినెకు ఒక్క సంగతే నచ్చలేదు. పడవలో మరుగుదొడ్డికి నీళ్లు మీట పట్టుకుని పైకీ కిందికీ కొట్టుకోవాలి. "ఇంట్ల బోరింగు కొట్టుడు తప్పిందనుకుంటే, ఇమానమెక్కొచ్చి మళ్ల బోరింగేనా?" అంది. అడిగినదాంట్లో తప్పేముంది?

మొదటిరోజు అంతా బంగారంలా గడిచింది. మేనకోడలు తెరచాప ఎత్తింది, నేను చుక్కాని పట్టాను, గాలి మా మాట విన్నది. అన్న ముందు భాగంలో కూర్చుని, ఎవరూ అడగకపోయినా, "ఎడమకు, ఎడమకు" అని సముద్రానికి దారి చెప్పాడు. సాయంత్రం ఒక దీవి పక్కన లంగరు వేశాం. పిల్ల నీళ్లలోకి దూకి లంగరు ఇసుకలో దిగిందో లేదో చూసి వచ్చింది. తండ్రి ఆమెకు తువ్వాల అందించాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

మరునాడు మధ్యాహ్నం అన్నా వదినె కునుకు తీస్తామన్నారు. నేనూ పిల్లా చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు పోయి కొబ్బరిబోండాలు తెస్తున్నాం. దూరంనుంచి చూస్తే మా అన్న పడవ మీద నిలబడి తువ్వాల ఊపుతున్నాడు. ఎంత ప్రేమో అనుకుని మేమూ చేతులూపాం. దగ్గరికొచ్చాక మాటలు వినిపించాయి.

"మునిగినం! అవ్వో, మునిగినమే చెల్లే! లోపలంత నీళ్లే!"

ఎక్కి చూద్దును కదా, పడవ లోపలి చెక్కనేల మీద మడమల లోతు నీళ్లు. వదినె చెప్పులు వంటగది వైపు తేలుకుంటూ పోతున్నాయి. వదినె బల్లమీదికెక్కి మెడలోని పుస్తెలతాడు పట్టుకుని తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తోంది. అబద్ధమెందుకు, నాకు ముందు పడవ కూడా గుర్తు రాలేదు. అయిపోయింది, ఈ పిల్ల చదువు అయిపోయింది అనుకున్నాను.

నా మేనకోడలు మాత్రం వంగి, దోసిలితో ఆ నీళ్లు తీసి నోట్లో పోసుకుంది.

"ఛీ, ఛీ, ఏం జేస్తున్నవే!" అని అన్న అరిచాడు.

పిల్ల ఉమ్మేసి నా వైపు తిరిగింది. "ఉప్పులేదు అత్తమ్మా. సప్పగున్నయి. సముద్రం నీళ్లు గావు, మన ట్యాంకు నీళ్లే."

ఉప్పగా ఉంటే పడవకు చిల్లి పడ్డట్టు. చప్పగా ఉంటే మన మంచినీళ్లే ఎక్కడో కారుతున్నట్టు. నేను నేర్పిందే, నాకే ఆ క్షణాన గుర్తు రాలేదు. అప్పుడు నా చెవులు పనిచేశాయి. మంచినీళ్ల మోటరు గుర్రుమని ఆగకుండా నడుస్తోంది. దాన్ని ఆపి చూస్తే వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి కింద పైపు ఊడి ఉంది.

"గంత సేపటి నుంచి మోటరు నడుస్తుంటే నీకు వినపడలేదా అన్నా?"

"ఎందుకు వినపడలే? మంచిగ వినపడ్డది. మోటరు సప్పుడు వింటేనే గదా నాకు నిద్ర పట్టేది!"

నిజమే. బోరు కింది రైతుకు మోటరు నడుస్తుంటే నిశ్చింత, ఆగితేనే ఫికర్. కానీ కారిన నీళ్లను తోడేయాల్సిన రెండో మోటరు ఏమైంది? పిల్ల పోయి స్విచ్చి చూసింది. ఆటోలో లేదు. బంద్ చేసి ఉంది. ముగ్గురం ఒక్కసారే మా అన్నవైపు చూశాం.

"నేనే బంద్ జేసిన," అన్నాడు. "ఏ? ఆటో పెట్టుడు తప్పు గాదా?"

దీని వెనక కథ ఉంది. మా దగ్గర బోరు మోటర్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే మోటరు దానంతట అదే నడిచేది, రైతు ఇంట్లో గుర్రుపెట్టేవాడు, నీళ్లు వృథాగా పారేవి. పగలూరాత్రీ కరెంటు వచ్చాక వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. ఎవరు విన్నా వినకున్నా మా అన్న విన్నాడు. బైకు మీద పొలం పొలం తిరిగి, చుట్టాలతో తిట్లు తిని, అందరి ఆటో స్టార్టర్లూ విప్పించాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక సమాజసేవ అది. దాన్ని సముద్రం దాకా మోసుకొచ్చాడు.

"ఆటో ఉంటే నీళ్లన్ని ఒడుస్తయని బంద్ జేసిన. గదీగాక, అది నడిస్తే గీ నీళ్లన్ని సముద్రంల పడుతుండె. నేను బంద్ జేసినందుకే పడవల జమైనయి!"

డీజిలు వాసన కొడుతున్న ఆ సంపదలోంచి నేను వదినె చెప్పులు ఏరాను. పిల్ల స్విచ్చి తిప్పింది, మోటరు నీళ్లు తోడింది. తాగడానికి కొబ్బరిబోండాలు తప్ప చుక్క లేదు కాబట్టి అప్పుడే లంగరు ఎత్తి వెనక్కి తిరిగాం. ఎదురుగాలి. దారి పొడుగునా పిల్లే చుక్కాని పట్టింది, ఒడ్డున రెండు పడవల మధ్య సందులో గీత కూడా పడకుండా పెట్టింది. మా అన్న అటు తిరిగి బోండాం తాగాడు.

బాన్సువాడకు వచ్చిన మరునాడే ఎరువుల దుకాణం ముందు దర్బారు మొదలైంది. నేను పోయేసరికి పడవ సగం మునిగి ఉంది. నడుముల దాకా నీళ్లట, మేం ముగ్గురు ఆడవాళ్లం ఏడుస్తున్నామట, ఆయనొక్కడే ధైర్యంగా మోటరు బాగుచేశాడట. పక్కన టైర్ల దుకాణం నడిపే ఆయన దోస్తు నోరు తెరుచుకుని వింటున్నాడు.

"అందుకే అంటున్న, ఆడపిల్లకు సముద్రం పనికిరాదు," అని ముగించాడు మా అన్న.

గల్లా దగ్గర కూర్చున్న పిల్ల ముఖం నల్లబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటిదాకా వచ్చింది, మొత్తం కక్కేద్దామని. కక్కితే? పదిమందిలో ఇజ్జత్ పోయినవాడు బిడ్డను ఓడ ఎక్కిస్తాడా? కాలువ గట్టు కూడా ఎక్కనివ్వడు.

"క్యా బెహన్, నిజమేనా?" అన్నాడు టైర్ల దుకాణం ఆయన.

"అంతా నిజమే భాయ్," అన్నాను. "అన్న లేకుంటే మునిగిపోతుంటిమి. ఆ తెలివి అంతా బిడ్డకే వచ్చింది. తండ్రి మోటరు పట్టిండు, బిడ్డ పడవను ఒడ్డుకు పట్టుకొచ్చింది. గట్లాంటి తండ్రికి పుట్టిన పిల్లను ఇంట్ల కూసోబెడితే ఎట్ల?"

"అరే, మరి పంపు భాయ్!" అన్నాడు ఆయన తొడ చరిచి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా పంపాల్సిందే అన్నారు. మా అన్న అటూ ఇటూ చూశాడు. అంతమందిలో వీరుడు కానని ఎలా అంటాడు? "పంపుతా, పంపనన్ననా?" అని గొణిగాడు. పిల్ల గల్లా వెనక్కి వంగి కళ్లు తుడుచుకుంది.

ఆమె బయలుదేరిన రోజు సాగనంపడానికి బస్టాండుకు అన్నా నేనూ వెళ్లాం. నేను పెట్టె పట్టుకుని అటు తిరిగి ఉన్నాను. మా అన్న నాకు వినపడదనుకుని బిడ్డ చెవి దగ్గర వంగాడు.

"బిడ్డా, ఓడెక్కినప్పుడల్ల ముందుగాల పోయి గా ఆటో బటన్ సూడు. ఎంత పెద్ద ఓడలనన్న మీ నాయినసుంటోడు ఒకడు ఉంటడు."

నేను వినలేదన్నట్టు బస్సు బోర్డు చదువుతూ నిలబడ్డాను. ఒక్క అక్షరం కనబడితే ఒట్టు.