వెనకసీటు బీమా

ఆర్విడ్ హుస్బీకి పాత మంచుబండ్ల పిచ్చి, అంటే మంచుమీద జారుతూ పోయే మోటారుబండ్లు. అదేం మామూలు పిచ్చి కాదు. ఎప్పుడో డెబ్బైలలో తయారై చెత్తకుప్పకు పోవలసిన పసుపుపచ్చ బండ్లను ఎక్కడెక్కడినుంచో మోసుకొచ్చేవాడు. షెడ్డులో వాటి ఇంజన్లు విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, సరస్సు గడ్డకట్టగానే మంచుమీద గిరగిరా తిప్పేవాడు. వాటివల్ల లోకానికి దమ్మిడీ ప్రయోజనం లేదు. ఊరికి బతుకుతెరువైన ఇనుపగని మూతపడ్డాక అక్కడి మగవాళ్ళలో కొందరు బారుకు అంకితమైపోయారు, ఇతను షెడ్డుకు అంకితమయ్యాడు. మాట తక్కువ మనిషి. పది ప్రశ్నలడిగితే ఒక్క ముక్క చెప్పేవాడు, అదీ ఇంజన్ గురించే.

అతని వెనకసీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. భార్య డెలోరిస్ కూర్చునేది. నడుం పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "ఇదేం నడక! కాలినడకన పోయేవాళ్ళు మనల్ని దాటిపోతున్నారు, చూడు!" అని అరిచేది. ఒక చలికాలం ఆవిడకు జబ్బు చేసింది. సరస్సుమీద మంచు కరగకముందే పోయింది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆర్విడ్, అతని బండ్లు మిగిలాయి.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో అతను బండ్ల బీమా కట్టడానికి లాయల్ బెర్గ్ దగ్గరికి వెళ్ళాడు. లాయల్ ఊరందరికీ బీమా ఏజెంటే. చర్చిలో ఆర్విడ్ పక్కన కూర్చునేవాడు, డెలోరిస్ శవపేటికకు భుజం పట్టినవాడు.

"బండి పాడైతే రిపేరు ఖర్చుకి పెడదామా?" అన్నాడు లాయల్.

"రిపేరు నేనే చేసుకుంటాను. వేరేవాడు చెయ్యి పెడితే ఊరుకుంటానా?"

"ఎవరినైనా గుద్దితే?"

"అది పెట్టు. పెద్దదే పెట్టు. మంచుమీద పసిపిల్లలు తిరుగుతుంటారు."

"వెనక కూర్చునే మనిషికి? అది విడిగా తీసుకోవాలి మరి."

ఆర్విడ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "వెనక ఎవరున్నారు లాయల్?" అన్నాడు.

లాయల్ నాలుక కరుచుకున్నాడు. ఆ ఊళ్ళో ఎదుటివాడి కళ్ళు తడిస్తే మాట వాతావరణం మీదికి మళ్ళించడమే మర్యాద. "ఇవాళ లేకపోతే రేపెవరైనా ఎక్కుతారు, పెట్టుకోవయ్యా, దానికయ్యేదెంత?" అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అనలేదు. "ఈసారి చలి ముందే వచ్చేట్టుంది," అని ఆ వెనకసీటును బీమా కాగితంలోంచి తీసేశాడు. ఏం మర్యాదో ఏమో, తగలెయ్య! ఆ తర్వాతి ఏడూ అదే బీమా, అదే మాట.

డెలోరిస్‌కు ఒక చెల్లెలు ఉంది, మార్లిస్. బడి వంటశాలలో వంట చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మంచివాణ్ణి మా అక్క ముందే ఏరుకుపోయింది," అనేది, అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ ఇల్లు సరస్సుకు అవతలి ఒడ్డున ఉంది. తండ్రి సొంత చేతులతో కట్టిన ఇల్లు. ఆ వంటింటి కిటికీ ముందు కూర్చుని, ఎవరి బండి ఎటు పోతోందో చూస్తూ కాఫీ తాగడమే ఆవిడకు స్వర్గం. అక్క పోయాక నాకెవరూ లేరని ఏడుస్తూ కూర్చోలేదు. బంగాళాదుంపలు, మాంసం కలిపి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ గిన్నెడు పట్టుకుని ఆర్విడ్ ఇంటికి వచ్చేది, "తిను. నువ్వు చచ్చిపోతే ఆ తుక్కు ఎవడు ఎత్తిపోస్తాడు?" అని తిట్టి వెళ్ళేది.

డెలోరిస్ పోయాక రెండో చలికాలం, ఫిబ్రవరిలో, పాత బండ్ల ఊరేగింపు జరిగింది. అది ముగిసి అందరూ ఇళ్ళకు పోయాక, ఆర్విడ్ బండిని మార్లిస్ ఇంటి ఒడ్డున ఆపి కాఫీకి వెళ్ళాడు. కాఫీ అయింది. లేచాడు.

"ఇన్నేళ్ళుగా కాఫీలు పోస్తున్నాను. ఒక్కనాడైనా ఎక్కమన్నావా?" అంది మార్లిస్.

"చలి ఎక్కువగా ఉంది."

"నేను పుట్టిందే ఈ చలిలో. నాకు చెప్తావా చలి సంగతి!" అంటూనే టోపీ పెట్టేసుకుంది.

ఎక్కి, నడుం చుట్టూ చేతులు వేసింది. ఆర్విడ్ మొదట మెల్లిగానే నడిపాడు. రెండేళ్ళుగా వీపుకు తగులుతున్నది గాలి ఒక్కటే. ఇప్పుడక్కడ ఒక మనిషి వెచ్చదనం తగిలేసరికి అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పోనీ, ఇంకా పోనీ!" అని మార్లిస్ చిన్నపిల్లలా అరిచింది. పోనిచ్చాడు. సరిగ్గా అప్పుడే గాలి విసిరి మంచుపొడి లేచింది, ముందేమీ కనబడలేదు. సరస్సు మధ్యలో గడ్డ పగిలి, పలకలు ఒకదానిమీదొకటి ఎక్కి గోడలా లేచిన చోటుకు బండి కొట్టుకుంది. ఆర్విడ్ మెత్తటి మంచులో పడ్డాడు. మార్లిస్ ఆ పలకలమీద వెల్లకిలా పడింది.

షెరిఫ్ పోలీసులు వచ్చేసరికి ఆర్విడ్ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, "నేనే చేశాను, నేనే చేశాను," అంటున్నాడు. ఎంత అడిగినా అంతకుమించి ఒక్క మాట పెకలలేదు.

మార్లిస్ ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. నడుం కింద చచ్చుబడిపోయింది. ఆస్పత్రివాళ్ళు చెప్పవలసింది చెప్పేశారు. ఇంటికి వెళ్ళాలంటే ఇల్లంతా చక్రాల కుర్చీకి తగ్గట్టు మార్చాలి, రాత్రీపగలూ మనిషిని పెట్టుకోవాలి. లేదంటే, దూరాన పెద్ద ఊళ్ళో ఉన్న సంరక్షణ గృహమే గతి. సర్కారువారి సాయం అందాలంటే ముందు ఆ ఇల్లు అమ్ముకోక తప్పదు.

"నన్ను అక్కడ పడెయ్యకండి," అంది మార్లిస్. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. "మా నాన్న ఇంట్లో ఉండనివ్వండి చాలు."

ఆర్విడ్ లాయల్ దగ్గరికి పరుగెత్తాడు. లాయల్ మొహం పాలిపోయింది. "నువ్వు గుద్దినవాళ్ళకైతే బోలెడంత ఉంది ఆర్విడ్. ఆ డబ్బుతో ఆవిడ బతికినన్నాళ్ళూ ఇంట్లోనే ఉండొచ్చు. కానీ వెనక కూర్చున్నవాళ్ళకి పైసా రాదు," అని బల్లమీద తల పెట్టేసుకున్నాడు.

చర్చి వాళ్ళు మార్లిస్ కోసం స్పగెట్టి విందు పెట్టి విరాళాలు పట్టారు. అక్కడ, ఆర్విడ్, లాయల్ పక్కన నిలబడి పళ్ళేలు కడుగుతూ, గనిలో ఆర్విడ్‌తో పనిచేసిన డ్వేన్ గొంతు తగ్గించి అన్నాడు: "వెనక కూర్చుందని ఎవడు చూశాడు? నేను చూడలేదు. నువ్వు చూశావా లాయల్?"

"ఈ కుళాయి చప్పుడుకి నాకేం వినబడటం లేదు," అని లాయల్ తువ్వాలు పడేసి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడే ఆర్విడ్ ఆస్పత్రికి వెళ్ళి మార్లిస్ మంచం పక్కన కూర్చున్నాడు.

"ఒక్క మాట మార్లిస్. నువ్వు మంచుమీద నిలబడి ఉన్నావు. నేను చూసుకోకుండా వచ్చి గుద్దేశాను. అంతే."

"నిలబడి ఉన్న ఆడదాన్ని గుద్దినవాడివని ఊరు చెప్పుకుంటుంది."

"చెప్పుకోనీ."

"జైల్లో వేస్తే?"

"వెయ్యనీ. నువ్వు నీ ఇంట్లో ఉంటావు."

మార్లిస్ మొహం గోడవైపు తిప్పుకుంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఊళ్ళో అలా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఆర్విడ్ అలాగే అనుకున్నాడు.

బీమా కంపెనీ నుంచి కెండ్రా అనే అమ్మాయి ఆస్పత్రికి వచ్చింది. నెమ్మదైన పిల్ల. ఇద్దరికీ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఏం జరిగిందో చెప్పమంది.

ఆర్విడ్ జన్మలో అబద్ధమాడి ఎరగడు. మెడమీద చెమటలు కారుతుండగా ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. "గాలికి మంచు లేచింది. ఈవిడ నిలబడి ఉంది. నేను... చూడలేదు. గుద్దేశాను."

"మీరు చెప్పండమ్మా. ఎక్కడ నిలబడ్డారు?"

"నిలబడలేదు," అంది మార్లిస్.

ఆర్విడ్ కుర్చీలోంచి సగం లేచాడు. "మార్లిస్!"

"వెనక కూర్చున్నాను. రెండు చేతులతో ఇతని నడుం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఇంకా వేగంగా పొమ్మని నేనే అరిచాను."

కెండ్రా కలం కింద పెట్టింది. "హుస్బీ గారూ, మీరిందాక చెప్పింది నేను రాసుకోలేదు. మళ్ళీ అడుగుతున్నాను. ఈవిడ ఎక్కడున్నారు?"

ఆర్విడ్ మార్లిస్ వంక చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"వెనకే," అన్నాడు చివరికి. "నా వెనకే కూర్చుంది."

ఆ పిల్ల వెళ్ళిపోగానే అతనికి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి అరిచేశాడు. "ఒక్క అబద్ధం! ఒకే ఒక్కటి! నీ ఇల్లు నీకు దక్కేది కదా! నీకేమైనా మతిపోయిందా? ఏం సాధించావిప్పుడు?"

"అరవకు. నర్సు వస్తుంది."

"రానీ! చెప్పు నాకు!"

మార్లిస్ దుప్పటి అంచు సరిచేసుకుంది. "మా అక్క నీ వెనక కూర్చుని పోతుంటే ఆ కిటికీలోంచి ఇన్నేళ్ళూ చూశాను ఆర్విడ్. అక్కంటే నాకు ప్రాణం, అందుకని ఎన్నడూ నోరెత్తలేదు. ఒక్కసారి కూర్చున్నాను. ఆ ఒక్కసారీ కూర్చోలేదని చెప్పమంటావా? ఇల్లు పోతే పోనీ. అది మాత్రం నేను చెప్పలేను."

ఆర్విడ్‌కు ఆవిడ వేళాకోళాలన్నీ, మోసుకొచ్చిన గిన్నెలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. పక్కనే ఉంటూ ఇంతకాలం ఏమీ చూడని గుడ్డివాణ్ణి కదా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

మార్లిస్ ఇల్లు ఎండాకాలంలో అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు ఊరికి కొత్త, సెలవులకు వచ్చిపోయేవాళ్ళు. ఆర్విడ్ ఆవిణ్ణి తన ట్రక్కులో ఎక్కించుకుని సంరక్షణ గృహానికి తీసుకెళ్ళాడు. గదిలో సామాను సర్ది, ఇక చెయ్యడానికి ఏమీ లేదని తెలిశాక కూడా వెళ్ళలేక నిలబడ్డాడు.

"మా ఇంటికి వచ్చెయ్," అన్నాడు ఉన్నట్టుండి. "పెళ్ళి చేసుకుందాం. నేనే చూసుకుంటాను నిన్ను."

మార్లిస్ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఆ కాఫీ రోజున, టోపీ పెట్టుకోకముందు అడిగి ఉంటే పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని," అంది. "ఇప్పుడడిగితే అది జాలో, చేసినదానికి పరిహారమో నాకెలా తెలుస్తుంది? నీకు తెలుసా?"

తెలుసునని చెప్పడానికి ఆర్విడ్ నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. కానీ ఆవిడ ముందు ఇంకో అబద్ధం ఆడడానికి అతనికి భయం వేసింది. నిజమేదో అతనికీ తెలియదు.

"పొద్దుపోతోంది," అంది మార్లిస్, చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని. "దారిలో జింకలు అడ్డం వస్తాయి. మెల్లిగా పో."

అతను టోపీ తీసుకుని తలుపు దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, కోటు విప్పి, కుర్చీలో కూర్చున్నాడు. నర్సు వచ్చి వేళ అయిపోయిందని చెప్పేదాకా అలాగే కూర్చున్నారు.